మొదటి ఏడాది మెషీన్ వద్దు

నరసరావుపేటలో హలీమా పనిచేసే కాలేజీకి కంప్యూటర్ కోర్సు తేవాలన్న కోరిక మొదట పుట్టింది సెక్రటరీ నాగభూషణరావు గారికి. ఆయనకు నాదెండ్ల దగ్గర పొలాలూ, పేటలో పత్తి మిల్లూ ఉన్నాయి. కంప్యూటర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. గుంటూరులో ఎవరో అంటుంటే విన్నారు, రాబోయేది దాని రాజ్యమేనని. పల్నాడు పిల్లలు మటుకు ఎందుకు వెనకబడాలి అనుకున్నారు. వెంటనే ప్రిన్సిపాల్‌ని పిలిచి, దీన్ని తెలుసుకోవడానికి ఎవరినైనా హైదరాబాద్ పంపమన్నారు. వేసవి సెలవులు పోగొట్టుకుని ఆ ఎండల్లో ఎవరు వెళ్తారు? లెక్కల లెక్చరర్ హలీమా వెళ్తానంది.

హలీమాకి అప్పటికి ముప్పై ఏళ్ళు నిండలేదు. ఊళ్ళో డబ్బున్నవాళ్ళుండే అరండల్‌పేటలో కాదు, స్టేషన్ వెనక సందులో మోటారు మెకానిక్ అబ్దుల్ మజీద్ కూతురు. ఆ సందులో ఎమ్మెస్సీ చదివిన మొదటి మనిషి. కొత్త సంగతి ఏదైనా విప్పి చూడకుండా ఉండలేని గుణం తండ్రి నుంచే వచ్చిందని తల్లి హజ్రా బీ అంటుండేది, కొంచెం గర్వంగానూ కొంచెం విసుగ్గానూ.

హైదరాబాద్‌లో ఆ వేసవంతా ఒక చల్లటి గదిలో గడిపింది. ఆమెతోపాటు నేర్చుకున్నవాళ్ళలో గురజాల నుంచి వచ్చిన పేతురు ఒకడు. మాచర్ల దగ్గర సిమెంట్ ఫ్యాక్టరీ వాళ్ళు కొత్తగా కంప్యూటర్ కొంటూ, దాన్ని నడపడానికి అతన్ని పంపారు. క్లాసులో ఎక్కువమంది కీబోర్డు ముందు కూర్చోవడానికి తోసుకునేవాళ్ళు. కూర్చుని తోచింది కొట్టి, మెషీన్ తప్పు చూపిస్తే ఇంకొకటి కొట్టి, అదీ కాకపోతే పక్కవాణ్ణి అడిగేవాళ్ళు. హలీమా మాత్రం కాగితం మీద మొత్తం రాసుకుని, చేత్తో లెక్కకట్టి చూసుకుని, ఆ తరువాతే కూర్చునేది. ఆమె రాసింది ఒక్కసారికే నడిచేది. పేతురు అది చూసి తనూ అలాగే చేయడం మొదలుపెట్టాడు.

తిరిగొచ్చాక అసలు పని పడింది. యూనివర్సిటీలో డిగ్రీ స్థాయిలో అప్పటికి ఆ సబ్జెక్టే లేదు. మూడేళ్ళలో ఏ ఏడు ఏం చెబుతారో మీరే రాసి పట్టుకురండి, సిలబస్ బోర్డు చూస్తుంది అన్నారు. బీయెస్సీ అంటే మూడు సబ్జెక్టులు. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ. కంప్యూటర్ లోపలికి రావాలంటే ఒకటి బయటికి పోవాలి. కెమిస్ట్రీ తీసేద్దామంది హలీమా. కెమిస్ట్రీ వాళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఎక్కువగా మండిపడ్డది ఫిజిక్స్ హెడ్డు బ్రహ్మానందం గారు. ఇవాళ కెమిస్ట్రీ, రేపు మా సబ్జెక్టు అన్నది ఆయన భయం. స్టాఫ్ రూములో అందరూ వినేట్టు, ఈత నేర్పుతానని చెరువు లేని ఊళ్ళో బోర్డు పెట్టినట్టుంది ఈ వ్యవహారం అన్నారు.

హలీమా ఆయనతో వాదన పెట్టుకోలేదు. మర్నాడు ఆయన గదికి వెళ్ళి, కంప్యూటర్ లోపల ఉండేది కరెంటేననీ, కరెంటు ఉందా లేదా అన్న రెండు ముక్కలతోనే అది కూడికలు చేస్తుందనీ, ఆ సర్క్యూట్లు చెప్పడం తన వల్ల కాదనీ చెప్పింది. రెండో ఏడాదిలో ఒక పేపరు పూర్తిగా ఆయనకే వదిలిపెట్టానంది. బ్రహ్మానందం గారు వారం తిరక్కముందే ఒక చెక్క పలక మీద స్విచ్చులూ బల్బులూ బిగించి తెచ్చారు. ఈ వైపు రెండు అంకెలు స్విచ్చులతో వేస్తే, ఆ వైపు వాటి మొత్తం బల్బుల్లో వెలిగేది. ఆ పలకను ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు.

హలీమా గీసిన కోర్సు ఇలా ఉంది. మొదటి ఏడాది మెషీన్ ఊసే లేదు. అంకెల పద్ధతులు, తర్కం, ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం, బొమ్మ గీసి చూపడం, రాసినదాన్ని చేత్తో నడిపి తప్పులు పట్టుకోవడం. రెండో ఏడాది ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాష, బ్రహ్మానందం గారి సర్క్యూట్లు. మూడో ఏడాది సమాచారాన్ని పేర్చే పద్ధతులు, ఫైళ్ళు, చివర ప్రతి విద్యార్థీ సొంతంగా చేసే ప్రాజెక్టు. లెక్కలు మూడేళ్ళూ పక్కనే నడుస్తాయి.

బోర్డు మీటింగులో ఆచార్య వెంకటప్పయ్య గారు ఆ మొదటి ఏడాది దగ్గరే ఆగిపోయారు. ఆయన పెద్ద పండితుడు, మాట కటువు. కంప్యూటర్ కోర్సులో చేరిన పిల్లవాడు ఏడాదిపాటు కంప్యూటర్ చూడకపోతే, అది కాలేజీకి డబ్బుల్లేక చెప్పే సాకే తప్ప పాఠం కాదన్నారు. హలీమా లేచి నిలబడింది.

"సాకు కాదండీ. మెషీన్ ముందు కూర్చోబెడితే పిల్లలు ఆలోచించటం మానేస్తారు. అది తప్పు చూపిస్తంది గదా అని ధీమా. ముందు వాళ్ళ తలకాయలో నడవాలి. అక్కడ నడిచింది ఎక్కడైనా నడుస్తది."

ఆయన ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు. రెండేళ్ళకు అనుమతి ఇస్తాం, ఆ తరువాత వచ్చి చూసి ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తాం అని రాయించారు.

మొదటి బ్యాచిలో చేరినవాళ్ళు తక్కువే. నాదెండ్ల రైతు కూతురు యశోద, స్టేషన్ రోడ్డులో సైకిల్ షాపు వాళ్ళబ్బాయి షౌకత్, కోటప్పకొండ కింద పల్లె నుంచి యల్లమంద, ఇంకా కొందరు. ఏడాదంతా హలీమా వాళ్ళచేత కాగితం మీదే పనులు చేయించింది. అన్నం వండటాన్ని మెట్లుగా రాయమంది. బస్టాండులో టిక్కెట్టు ఇవ్వటాన్ని రాయమంది. ఒకడు రాసింది ఇంకొకడికిచ్చి, నువ్వే మెషీనువి, ఇందులో ఉన్నదే చెయ్యి, లేనిది చెయ్యొద్దు అనేది. యల్లమంద రాసిన పద్ధతిలో షౌకత్ అన్నం వండితే, ఎసట్లో బియ్యం పొయ్యకుండానే గంజి వార్చాల్సి వచ్చింది. క్లాసంతా పడిపడి నవ్వింది. ఆమె ఒక మాట పదే పదే చెప్పేది. మధ్యలో ఉన్న అంకె ఎప్పుడూ మంచిదే, తప్పనేది అంచు మీద కూర్చుని ఉంటుంది, అంచుల దగ్గర వెతకండి అని.

రెండో ఏడాది మొదలైంది. మెషీన్ రాలేదు. సెక్రటరీ గారు ఆర్డరిచ్చి నెలలు గడిచాయి. అది విదేశం నుంచి రావాలి, అనుమతి ఎక్కడో ఆగిపోయింది. గదికి సున్నం వేశారు, కిటికీకి ఏసీ బిగించారు, బల్ల వేశారు. బల్ల మీద ఏమీ లేదు. ఊళ్ళో వాళ్ళు దాన్ని దేవుడు లేని గుడి అనడం మొదలుపెట్టారు. యల్లమంద వాళ్ళ నాన్న వచ్చి కొడుకుని కెమిస్ట్రీకి మార్చమని అడిగిపోయాడు. మిగతా పిల్లల ముఖాలు క్లాసులో వాడిపోయి ఉండేవి. హలీమాకు వాళ్ళ కళ్ళలోకి చూడటం కష్టమైంది. తన మాట నమ్మి చేరిన పిల్లలు వాళ్ళు.

అప్పుడు ఆమెకు పేతురు గుర్తొచ్చాడు. తల్లిని వెంటబెట్టుకుని మాచర్ల బస్సెక్కింది. ఫ్యాక్టరీ గేటు దగ్గర పేతురు ఆమెను చూసి ముందు ఆశ్చర్యపోయాడు, తరువాత సంగతంతా విని తల గోక్కున్నాడు. వారమంతా మెషీన్ ఫ్యాక్టరీ పనిలో ఉంటుంది. ఆదివారాలు మాత్రం ఖాళీ. మేనేజర్ని ఒప్పించడానికి అతనికి రెండు వారాలు పట్టింది. ఒప్పించాడు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. తెల్లవారుతుండగా మాచర్ల బస్సు, పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల తెల్లటి దుమ్ము, పొద్దెక్కాక ఫ్యాక్టరీ. ఆడపిల్లలు అంతదూరం వెళ్ళి రావడమేమిటని పేటలో నోళ్ళు లేచాయి. హజ్రా బీ ఆ నోళ్ళకు తానే జవాబు చెప్పింది. ప్రతి ఆదివారం పిల్లలతో బస్సెక్కేది, ఒక పెద్ద టిఫిన్ క్యారియర్‌తో. కంప్యూటర్ గది బయట చెప్పులు వదిలి, శాలువా కప్పుకుని, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేది. అంత చలిలో ఆ యంత్రానికి జలుబు చెయ్యదా అని పేతురునొకసారి అడిగింది. పిల్లలు ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్ళు.

ఒక్కొక్కళ్ళకు మెషీన్ దగ్గర దొరికేది కాసేపే. అందుకని వారమంతా రాసి, ఒకరిది ఒకరు దిద్దుకుని, బస్సులో మరోసారి చూసుకుని, అక్కడ కొట్టేవాళ్ళు. మొదటి ఆదివారం యశోద రాసిన ప్రోగ్రాం తప్పు లేకుండా నడిచినప్పుడు పేతురు తోటి ఉద్యోగులను పిలిచి చూపించాడు. యల్లమంద వాళ్ళ నాన్న కెమిస్ట్రీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఫిబ్రవరి చివర్లో యూనివర్సిటీ నుంచి కబురొచ్చింది. శనివారం సాయంత్రం తనిఖీకి వస్తున్నారు. వచ్చేది వెంకటప్పయ్య గారూ, ఒక ఆఫీసరూ. నాగభూషణరావు గారికి నిద్ర పట్టలేదు. గుంటూరులో ఎవరిదో మెషీన్ ఒకటి రెండ్రోజులు అరువు తెచ్చి బల్ల మీద పెడదామన్నారు. హలీమా వద్దంది. ఉన్నదే చూపిద్దామంది.

శనివారం వాళ్ళు వచ్చారు. ఆచార్యులవారు సున్నం వేసిన ఖాళీ గదిని గుమ్మంలోంచి చూశారు. వేలితో బల్ల మీద గీస్తే దుమ్ము అంటింది.

"మీ ల్యాబ్ ఎక్కడమ్మా?" అన్నారు.

"మాచర్ల దగ్గరండీ. రేపు పొద్దున బస్సుంది."

పక్కనున్న ఆఫీసరు ఫైలు మూసేశాడు. ఆచార్యులవారు మాత్రం నవ్వలేదు, కోప్పడలేదు. పొద్దున్నే బస్టాండుకి వచ్చారు. యూనివర్సిటీ కారులో ఆఫీసర్ని వెనకాల రమ్మని, తాను పిల్లలతోపాటు ఎర్రబస్సెక్కి, హలీమా పక్క సీట్లో కూర్చున్నారు. బ్రహ్మానందం గారు తన పలకను ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో ఉన్నారు. చూపించమని ఎవరూ అడగలేదు, అయినా తెచ్చారు.

బస్సు ఊరు దాటగానే ఆచార్యులవారు వెనక్కి తిరిగి పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. పంతొమ్మిది వందల సంవత్సరం మొదలు ఏ తేదీ అడిగినా, అది ఏ వారమో మెషీన్ చెప్పాలి. మాచర్ల చేరేలోపు రాయాలి. మీలో మీరు ఎంతైనా మాట్లాడుకోవచ్చు. మేడం మాత్రం ఒక్క ముక్క చెప్పకూడదు.

యశోద ఒళ్ళో అట్ట పెట్టుకుని రాయసాగింది. బస్సు కుదుపులకు అక్షరాలు కొండలెక్కి దిగుతున్నాయి. హలీమా కూర్చున్న చోటి నుంచి ఆ కాగితం కనిపిస్తూనే ఉంది. గడిచిన సంవత్సరాలకు నాలుగేళ్ళకొక రోజు ఎక్కువ వేసి, అడిగిన సంవత్సరంలో రోజులు కూడా కలుపుకుంటూ పోయి ఏడుతో భాగించడం, మిగిలినదాన్ని బట్టి వారం చెప్పడం. దారి సరైనదే. అప్పుడు యశోద లీపు సంవత్సరం దగ్గరికొచ్చింది. అడిగిన సంవత్సరాన్ని నాలుగుతో భాగిస్తే ఏమీ మిగలకపోతే లీపు అని రాసి ముందుకు పోయింది.

హలీమా చూపు ఆ వరస దగ్గరే ఆగిపోయింది. పంతొమ్మిది వందల సంవత్సరం నాలుగుతో పోతుంది. కానీ అది లీపు కాదు, ఆ ఒక్క ఏడాది లెక్క తప్పుతుంది. ఆచార్యులవారు ఆ సంవత్సరాన్నే మొదలుగా ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది. పక్కన ఆయన కిటికీలోంచి మిరప కల్లాలు చూస్తున్నారు, ఏమీ ఎరగనట్టు. ఆమె పెదవి కొరుక్కుని తనూ కిటికీలోంచి చూసింది. ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు ఎంత దూరమైనా తరగడం లేదు. హజ్రా బీ ఆచార్యులవారికి ఆకులో రెండు పూరీలు పెట్టి ఇచ్చింది. ఆయన తిన్నారు, ఇంకొకటి అడిగి తీసుకున్నారు.

పిడుగురాళ్ళ దాటింది. యశోద రాయడం ముగించి కాగితం షౌకత్‌కి ఇచ్చింది. వాడు దాన్ని చేత్తో నడపసాగాడు. స్వాతంత్య్రం వచ్చిన రోజు వేశాడు. శుక్రవారం వచ్చింది, సరిపోయింది. వాళ్ళ చెల్లెలు పుట్టినరోజు వేశాడు, అదీ సరిపోయింది. యశోద కాగితం వెనక్కి తీసుకోబోయింది.

"ఆగవే. ఇవన్నీ మధ్యలోవి. అంచు చూడలా," అన్నాడు షౌకత్.

హలీమా కిటికీ వదిలి వాడి వైపు తిరిగింది.

వాడు మొట్టమొదటి సంవత్సరం తీసుకున్నాడు. ఫిబ్రవరి చివర దగ్గర ఆగి, దీనికి ఇరవై తొమ్మిది ఉందా అని అడిగాడు. నాలుగుతో పోయింది గదా ఉంటది అంది యశోద. అప్పటిదాకా కిటికీకి తల ఆనించి కూర్చున్న యల్లమంద కళ్ళు తెరిచాడు.

"వందల సంవత్సరం అయితే నాలుగు వందలతో పోవాల. పదో తరగతిలో మా అయ్యవారు ఈ ముక్క రానందుకే నా తొడ వాచేట్టు కొట్టాడు. చానా బాగా గుర్తుంది."

యశోద కాగితం లాక్కుని రెండు వరసలు కొట్టేసి నాలుగు వరసలు రాసింది. మళ్ళీ మొదటి నుంచీ ముగ్గురూ నడిపారు. ఆచార్యులవారు ఇంకా కిటికీలోంచే చూస్తున్నారు. కానీ ఆయన చేతిలోని పూరీ ముక్క చాలాసేపటి నుంచి నోటి దాకా వెళ్ళలేదని హలీమా గమనించింది.

ఫ్యాక్టరీలో పేతురు కంప్యూటర్ గది బయటే ఎదురొచ్చాడు, ముఖం పాలిపోయి. ఆ ఆదివారం మెషీన్ ఖాళీగా లేదు. నెలాఖరు జీతాల పని రాత్రి పూర్తి కాలేదు, మధ్యలో ఉంది. దాన్ని ఒక్కసారికి మాత్రం ఆపి చోటివ్వగలడు. ప్రోగ్రాం కొట్టాలి, నడపాలి, లేవాలి. తప్పొస్తే దిద్దుకుని మళ్ళీ నడపడానికి వీలు లేదు.

ఆచార్యులవారు హలీమా వైపు తిరిగి, ఇంకో రోజు పెట్టుకుందామా అన్నారు. ఆ గొంతులో ఎగతాళి లేదు, నిజంగానే అడిగారు. హలీమా పిల్లల వైపు చూసింది. యశోద అప్పటికే చెప్పులు విప్పుతోంది.

"అక్కర్లేదండీ. వాళ్ళకి ఒక్కసారి చాలు," అంది హలీమా.

యశోద టెర్మినల్ ముందు కూర్చుంది. షౌకత్ చదువుతుంటే ఆమె కొట్టింది. యల్లమంద తెర మీద పడే ప్రతి అక్షరాన్నీ కాగితంతో సరిచూశాడు. కారులో వచ్చిన ఆఫీసరు గోడకు ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు. గుమ్మం దగ్గర హజ్రా బీ పెదవులు కదులుతున్నాయి. కొట్టడం అయిపోయింది. యశోద ఒకసారి హలీమా వైపు చూసి, మీట నొక్కింది.

మెషీన్ కాసేపు ఏమీ అనలేదు. తరువాత తెర మీద ఒక వరస వచ్చింది. తప్పులు సున్నా.

ఆచార్యులవారు ముందుకు వంగి, మార్చి ఒకటి, పంతొమ్మిది వందలు అన్నారు. యశోద కొట్టింది. గురువారం అని వచ్చింది. ఆయన జేబులోంచి ఏదీ తీయలేదు, లెక్కా కట్టలేదు. జవాబు ఆయనకు ముందే తెలుసు. ఇంకో తేదీ చెప్పారు, తాను పుట్టిన తేదీ. మంగళవారం అని వచ్చింది.

"మా అమ్మ అదే చెప్పేది," అన్నారాయన. "మంగళవారం పుట్టినోడికి నోరెక్కువని."

అంతే, గదిలో కట్ట తెగినట్టు నవ్వు లేచింది. పేతురు చప్పట్లు కొట్టాడు. లోపలి గదిలోని ఉద్యోగులు కూడా బయటికొచ్చి కొట్టారు. ఆచార్యులవారు హలీమా దగ్గరికొచ్చి, అందరి ముందూ, బోర్డులో ఆ మొదటి ఏడాదిని సాకు అన్నది నేనే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నారు. మా యూనివర్సిటీలో పీజీ పిల్లలు ఇదే లెక్కను రెండు రోజులు మెషీన్ ముందు కూర్చుని చేశారనీ, ఆ మార్చి ఒకటికి సగం మందికి శుక్రవారమే వచ్చిందనీ చెప్పారు. కోర్సు ఉంటుంది. మూడో ఏడాదికి కాలేజీలో మెషీన్ ఉండాలి, అది షరతు. మిగతా కాలేజీలు కూడా ఇదే వరసలో చెప్పేట్టు బోర్డులో తానే పెడతానన్నారు.

అప్పుడు బ్రహ్మానందం గారు గొంతు సవరించుకున్నారు. ఆచార్యులవారు పలకను తీసుకుని బల్ల మీద పెట్టుకుని, స్విచ్చులన్నీ ఒకటొకటే వేసి చూస్తూ చాలాసేపు వదల్లేదు. జీతాల పని మళ్ళీ మొదలుపెట్టాలని పేతురు బతిమాలుకోవాల్సి వచ్చింది.

తిరుగు ప్రయాణంలో ఆచార్యులవారు కారెక్కి నేరుగా గుంటూరు వెళ్ళిపోయారు. బస్సులో పిల్లలు పాటలు ఎత్తుకున్నారు. హజ్రా బీ కూతురు చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది.

"ఏందే బేటీ, అంత పెద్దాయన నీకు దండం పెట్టినంత పని చేశాడు. అంత గొప్ప పని ఏం చేశావు?"

హలీమా చెప్పబోయి ఆగింది. బోర్డు ముందు ఒంటరిగా నిలబడినప్పుడు రాని కన్నీళ్ళు, ఖాళీ గది చూసి ఊరు నవ్వినప్పుడు రాని కన్నీళ్ళు ఇప్పుడు వచ్చాయి. తల్లి ఇంకేమీ అడక్కుండా శాలువా కొంగుతో ఆమె ముఖం తుడిచింది.

నరసరావుపేట బస్టాండులో బస్సు ఆగేసరికి సన్నాయి వినిపించింది. ఎవరిదో పెళ్ళి ఊరేగింపు అనుకున్నారు. దిగి చూస్తే నాగభూషణరావు గారు, చేతిలో పూలదండలు, వెనక మేళగాళ్ళు. ఆయనకు ఇంకా సంగతి తెలియదు.

"ఏమైందమ్మాయ్?" అన్నారు, డోలు చప్పుడు మీద గొంతు పెంచి.

"ఇచ్చారండీ. కోర్సు మనదే," అంది హలీమా. "రాకపోతే ఈ మేళాన్ని ఏం చేసేవారు?"

"ఏం చేస్తా? అట్టాగే వాయించేవాణ్ణి. పిల్లోళ్ళు పోట్లాడి వచ్చారు గదా."

దండ ఒకటి హలీమా మెడలో వెయ్యమని హజ్రా బీ చేతికిచ్చారు. రెండోది బ్రహ్మానందం గారికి. యశోదను తీసుకుపోవడానికి వాళ్ళ నాన్న నాదెండ్ల నుంచి సైకిలు మీద వచ్చి ఒక పక్కగా నిలబడి ఉన్నాడు. మిగిలిన దండ ఆయన చేతిలో పెడితే, కూతురి మెడలో వేసి, సైకిలు నడిపించుకుంటూ పిల్లల వెనకే బయల్దేరాడు. మేళం ముందు నడిచింది. బస్టాండు నుంచి కాలేజీ దాకా, దుకాణాల వాళ్ళు మెట్ల మీదికొచ్చి చూస్తుండగా, పల్నాడులో కంప్యూటర్ చదివిన మొదటి పిల్లలు రోడ్డు మధ్యలో నడిచారు.

మెషీన్ జూన్‌లో లారీ మీద వచ్చింది. దాన్ని దించుతున్న వేళకి హలీమా పక్క గదిలో మూడో ఏడాది వాళ్ళకు మొదటి పాఠం మొదలుపెట్టేసింది. చూడ్డానికి ఒక్కరూ లేచి వెళ్ళలేదు.